ఇల్లు బాగుపడవలె, ఇంటివారు నిలువవలె: ఒక సంవాదము

ప్రథమ వక్త: పాడుపడిన ఇంటిని బాగుచేయుటకు ముందు అందున్నవారిని వెళ్ళగొట్టవలెనను సిద్ధాంతము గడచిన శతాబ్దమున నగరముల నేలిన పాలకులకు వేదవాక్యమై, దాని పేర ఎన్నియో వీథులు నేలమట్టమైనవి, ఎన్నియో కుటుంబములు ఇరుగుపొరుగులకు, పనిచేయు చోటులకు, పిల్లల బడులకు దూరమై చెదరిపోయినవి. నేను ప్రతిపాదించునది దీనికి ప్రతికూలమైన మతము. ఇల్లు ఖాళీగా నున్నను, ప్రభుత్వమువారిదైనను, దానిని బాగుచేయు అధికారము మొదట ఆ వీథియందు నివసించువారికే యుండవలెను; పని జరుగునప్పుడు గాని, జరిగిన పిమ్మట గాని, వారిలో నొక్కరైనను స్థానభ్రష్టులు కారాదు. ఇందుకు దృష్టాంతము చూపెదను. ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున, టాక్స్‌టెత్ పేటలో, గ్రాన్‌బీ యను వీథి కలదు. 1981 నాటి అల్లరుల తరువాత అధికారులు ఆ పేటయందు ఆశ వదలుకొనిరి. నగరపాలక సంస్థ ఇండ్లను ఒక్కొక్కటిగా చేజిక్కించుకొని, తలుపులకు కిటికీలకు పలకలు కొట్టించి, చుట్టుపట్ల వీథులను కూల్చుచు రాగా, తుదకు నాలుగు వీథులు మాత్రమే మిగిలినవి. అక్కడ పట్టుదలతో నిలిచిన కొలది కుటుంబములవారు, వారిలోను ముఖ్యముగా స్త్రీలు, ఎవరి యనుమతికిని ఎదురుచూడక, చెత్త యూడ్చి, మూసిన కిటికీపలకలకు రంగులు వేసి, కాలిబాటల వెంట పూలమొక్కలు పెంచి, నెలనెలా వీథిలోనే సంత జరిపి, 2011 లో తమకొక కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టును స్థాపించుకొని, కెయిర్న్స్ వీథిలోని పది ఇండ్లను నగరపాలక సంస్థనుండి పొంది బాగుచేయించిరి. వారితో గూడి పనిచేసిన అసెంబుల్ అను యువ వాస్తుశిల్పుల బృందమునకు 2015 లో టర్నర్ బహుమానము లభించినది. నా వాదమునకు ఆ పది ఇండ్లే ప్రమాణము.

ద్వితీయ వక్త: ఆ స్త్రీల పట్టుదలకు నేనును నమస్కరింతును. కాని మీరు ప్రమాణముగా చూపినవి పది ఇండ్లు. అదే దేశమున, అదే కాలమున, ప్రభుత్వము 2002 లో ఇంగ్లండునందలి ఉత్తర, మధ్య ప్రాంతములలో తొమ్మిది చోట్ల పాత్‌ఫైండర్ అను పేర గొప్ప గృహోద్ధరణ కార్యక్రమము నారంభించినది. మీ పక్షమువారు దానిని తలచినప్పుడెల్ల అది కూల్చిన సుమారు 30,000 ఇండ్లను లెక్కపెట్టుదురు. అది బాగుచేసిన సుమారు 1,08,000 ఇండ్ల మాట ఎత్తరు. బహుమానము పది ఇండ్లకు వచ్చినది. వాన కురిసినను తడియని పైకప్పు లక్ష ఇండ్లకు వచ్చినది. వేరొక మాట కూడ అడిగెదను. సంపన్నులుండు వీథిలో దీపము వెలిగించుటకు, కాలువ త్రవ్వుటకు, ఆ వీథివారు ఏండ్ల తరబడి పూలమొక్కలు పెంచి తమ యోగ్యతను నిరూపించుకొనవలెనని ఎవరైనను కోరుదురా? వారు పన్ను చెల్లింతురు, పని జరుగును. పగలెల్ల కూలిచేసి వచ్చిన బీదవానిని మాత్రము, సాయంకాలము సంఘసమావేశములకు రమ్మనియు, సెలవునాడు సున్నము కొట్టుమనియు, చట్టము చదువుమనియు, అప్పుడే నీకు ఇల్లనియు చెప్పుట స్వయంపాలనమా, ప్రభుత్వము తన విధ్యుక్త ధర్మమును బీదవాని భుజములపైకి నెట్టివేయుటయా?

ప్రథమ వక్త: రెండవ ప్రశ్న న్యాయమైనది, దానిని నేను త్రోసిపుచ్చను. ప్రజాధనము ఖర్చుకాక తప్పదని ముందే యొప్పుకొందును. మొదటి ప్రశ్నకు మాత్రము బదులు చెప్పెదను. ఆ ఇండ్లు వాటంతట అవి పాడుపడలేదు. నివాసులను పంపివేసి, మరమ్మతులు మానివేసి, పలకలు కొట్టించి, అటుపిమ్మట ఈ వీథి పాడుపడినది గనుక కూల్చక తప్పదని తీర్మానించిన హస్తము ఒక్కటే. మీరు చెప్పిన కార్యక్రమమునకు ఇండ్ల విపణిని పునరుద్ధరించుట లక్ష్యము. అనగా ఇండ్ల వెలలు పెరుగవలెను. అద్దెదారునకు వెల పెరుగుట వరమా? 2011 లో నిధులాగిపోగా, సగము కూల్చిన వీథులలో, ఇరుప్రక్కల మూతపడిన ఇండ్ల నడుమ, కొన్ని కుటుంబములు దీపములు వెలిగించుకొని మిగిలిపోయినవి. గ్రాన్‌బీకి సమీపముననే వెల్ష్ వీథులని కలవు. వాటిని కూల్చుట తప్ప గత్యంతరము లేదని నిపుణులు చెప్పిరి. 2015 లో మంత్రి ఆ కూల్చివేతకు అనుమతి నిరాకరింపగా, అవే ఇండ్లు బాగుపడి, నేడు అందు కుటుంబములు కాపురము చేయుచున్నవి. కూల్చక తప్పదను నిపుణుని మాట ఎంత తేలికగా తప్పగునో దీనివలన తెలియును. ఇక సంఖ్యయే కావలెనన్నచో న్యూయార్కు చూడుడు. 1970 దశాబ్దమున అక్కడి యజమానులు పన్నులెగవేసి భవనములను విడిచిపోగా, నగరప్రభుత్వము బకాయిల క్రింద వాటిని స్వాధీనపరచుకొని, సుమారు లక్ష ఇండ్లకు ఇష్టములేని యజమాని యైనది. చలికాలమున వేడి లేని ఆ భవనములలో అద్దెదారులే బాయిలర్లు బాగుచేసికొని, అద్దెలు తామే పోగుచేసి, నిర్వహణము సాగించిరి. 1978 నుండి నగరప్రభుత్వము వారి సంఘములకు శిక్షణ మిప్పించి, ఇంటికి 250 డాలర్ల చొప్పున అమ్మివేసినది. ఇట్టి పద్ధతులవలన వేయికి మించిన భవనములు సహకార సంఘములైనవి.

ద్వితీయ వక్త: న్యూయార్కు నిజముగా గొప్ప దృష్టాంతము, దానిని నేను తక్కువ చేయను. ఐనను కథను అక్కడ నిలుపక ముందునకు చదువవలెను. ఆ సహకార సంఘములలో కొన్ని నీటి బాకీలలో, పన్ను బాకీలలో మునిగినవి. మరికొన్నింట, 250 డాలర్లకు వచ్చిన వాటా కొంతకాలమునకు లక్షల డాలర్లకు చేతులు మారినది. మొదటి తరము చెమటోడ్చి నిలిపిన ఇల్లు రెండవ తరమునకు సామాన్యమైన ఆస్తియైనది. ఇందు వారి దోషమేమియు లేదు. ఆస్తిని కోరుట మానవస్వభావము. నా సందేహము ఇంకను లోతైనది. నివాసులకే అధికారమందురు. ఏ నివాసులకు? నేడు అదృష్టవశమున ఆ గోడల నడుమ నున్నవారికే కదా! ప్రభుత్వపు ఇంటికై దరఖాస్తు పెట్టుకొని యేండ్లుగా వేచియున్న తల్లి, బిడ్డలతో ధర్మశాలలో తలదాచుకొనుచున్న స్త్రీ, అన్యభాష మాటలాడు క్రొత్త వలసకూలి, వీరు మీ సముదాయమునందు చేరుదురా? ఒక వీథివారు తమలో తాము కూడబలుకుకొని, ఎవరిని రానిత్తుము, ఎవరిని రానీయమని తీర్మానించు చోట ప్రేమ యెంత యుండునో, కులము, జాతి, చుట్టరికము కూడ అంతయే యుండును. ప్రభుత్వపు జాబితా నిర్దయమైనది కావచ్చును; కాని అందు ముఖములుండవు. ముఖప్రీతి లేకుండుట బీదలకు చిన్న రక్ష కాదు.

ప్రథమ వక్త: ఈ ఆక్షేపణము నా పక్షమునకు మిక్కిలి బరువైనదని యొప్పుకొనుచున్నాను. ఇరుగుపొరుగుల ప్రేమ కొన్నిచోట్ల గోడయగును. కాని ఈ రెండు దోషములను, ఆస్తిగా మారుటను, తలుపు మూయుటను, నివారించుటకే ల్యాండ్ ట్రస్టు పుట్టినది. దాని పద్ధతిలో భూమి ట్రస్టుది, అది అమ్ముడుపోదు. ఇల్లు మాత్రము నివాసిది. పాలకమండలిలో నివాసులకు ఒక భాగము, పరిసరవాసులకు ఒక భాగము, ప్రజాహితమును కనిపెట్టు బయటివారికి ఒక భాగము ఉండుట దీని సంప్రదాయము. గ్రాన్‌బీలోని పది ఇండ్లలో అయిదు అద్దెకిచ్చిరి. అయిదింటిని ఆ ప్రాంతపు వేతనములతో ముడిపెట్టిన వెలకు అమ్మిరి. తిరిగి అమ్మునప్పుడును ఆ ముడి విడదు. ఈ పద్ధతి మూలములలో నొకటి మన నేలయందే కలదనిన తెలుగువారు సంతోషింతురు. 1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు వినోబాభావే గారిని సాగుభూమి యడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు నిలుచున్నచోటనే నూరెకరములు దానము చేసిరి. ఆ భూదానము ముదిరి గ్రామదానమైనది. భూమి వ్యక్తిది కాక ఊరిదను భావము అందు ప్రధానము. ఆ గ్రామదానమును శ్రద్ధగా అధ్యయనము చేసినవారు కూడ చేరి 1969 లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, నల్లజాతి రైతుల కొరకు న్యూ కమ్యూనిటీస్ అను మొదటి ల్యాండ్ ట్రస్టును స్థాపించిరి. పోచంపల్లిలో మొలచిన భావమే జార్జియా మీదుగా లివర్‌పూల్ చేరినది.

ద్వితీయ వక్త: ఆ వంశవృక్షమును చెప్పినందుకు కృతజ్ఞుడను, కాని అదియే నా పక్షమునకు సాక్ష్యము పలుకుచున్నది. భూదానమున ప్రకటింపబడిన భూమిలో ఎంత భాగము సాగుకు పనికివచ్చినది, ఎంత భాగము నిజముగా బీదవాని పేర పట్టాయైనది? రాళ్ళనేలలు దానమైనవి, వ్యాజ్యములలోని భూములు దానమైనవి, దాత కన్నుమూయగానే వారసులు అడ్డువచ్చినవి కలవు, పట్టణములకు చేరువనున్న భూదానభూములు అన్యాక్రాంతమైనవి యెన్నియో కలవు. హృదయపరివర్తనము గొప్పది, అయితే దస్తావేజు, సర్వే, రిజిస్ట్రేషను, న్యాయస్థానము దానికి తోడు లేనియెడల, అది తరమొక్కటి దాటదు. జార్జియాలోని ఆ తొలి ట్రస్టు గతి యేమైనది? కరవు వచ్చినప్పుడు ప్రభుత్వపు ఋణశాఖ జాతివివక్షచే సకాలమున అప్పు నిరాకరింపగా, 1985 లో వారు తమ భూమినంతయు కోల్పోయిరి. సముదాయము ధైర్యముతో నడిచినది; నీతితో నడిచినది; ప్రభుత్వము చేయి తీసినంతనే కూలినది. కావున మొదట సాధింపవలసినది మంచి ప్రభుత్వము. మీరు ఆ కష్టమైన పనిని ప్రక్కకు పెట్టి, వీథులలో చిన్న చిన్న రాజ్యములు నిర్మింప చూచుచున్నారు.

ప్రథమ వక్త: చట్టబలము లేని సద్భావము తరమొక్కటి దాటదను మాటను నేను శిరసావహింతును. కాని మీరు చెప్పిన జార్జియా కథలో దోషి యెవరు? అప్పు నిరాకరించినది ప్రభుత్వశాఖ. ఆ రైతులు తమంతట తాము భూమిని విడిచిపెట్టలేదు. మంచి ప్రభుత్వము వచ్చువరకు వేచియుండుమని బీదవానికి చెప్పుట, నది యెండిన పిమ్మట దాటుమని చెప్పుటవంటిది. అదియునుగాక, ప్రభుత్వము మంచిదగుట యెట్లు? క్రింద సంఘటితులైన జనము అడుగుచుండుటచేతనే కదా! గ్రాన్‌బీ స్త్రీలు మొక్కలు నాటియుండనిచో, ఆ నాలుగు వీథులను బాగుచేయవలెనను తలంపు నగరపాలక సంస్థకు కలిగెడిదే కాదు. వారు కాపాడినది పది ఇండ్లని లెక్కించితిరి. వారు నిలిచియుండుటచేతనే తక్కిన ఇండ్లను హౌసింగ్ సంఘములు చేపట్టి బాగుచేసినవి. ఆ ఇండ్లను గూడ వారి ఖాతాలో వేయవలదా?

ద్వితీయ వక్త: వేయుదును. ఐతే ఇపుడు మనస్సునకు కష్టమైన విషయమొకటి ఎత్తవలసియున్నది. ఇల్లు బాగుచేయుట ప్రాణములతో కూడిన పని. లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు ఇరువదినాలుగు అంతస్తుల ప్రభుత్వ గృహసముదాయము. నివాసులను ఖాళీ చేయింపకయే దానిని బాగుచేసిరి. 2016 లో పని ముగిసినది. ఆ మరమ్మతులో గోడలకు వెలుపల తొడిగిన పలకలు మండు స్వభావము గలవి. 2017 జూన్ 14వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట ఒక ఇంటిలో పుట్టిన నిప్పు ఆ తొడుగునంటుకొని భవనమంతయు వ్యాపింపగా 72 మంది మరణించిరి. ఆ భవనమును నిర్వహించిన సంస్థ పేరేమి? అద్దెదారుల నిర్వహణ సంస్థ. దాని పాలకమండలిలో అద్దెదారులుండిరి. మీరు కోరునది పేరునకు అక్కడ నుండెను. ఇల్లు బాగుపడినది, ఎవరును స్థానభ్రష్టులు కాలేదు, నివాసులకు స్థానము కలదు. ఐనను జరిగినది మీరెరుగుదురు. విద్యుత్తు, నిప్పు, గోడ మోయు బరువు, వీటిని చేతులెత్తి నిర్ణయింపరాదు. ఇందు బాధ్యుడొకడు, పేరు గలవాడు, చట్టమునకు లోబడినవాడు, శిక్షింపదగినవాడు ఉండవలెను. పదిమంది ఇరుగుపొరుగుల సంఘమును ఎవరు శిక్షింపగలరు?

ప్రథమ వక్త: ఆ 72 మందిని వాదమునకు వాడుకొనుటకు నాకును మనస్సొప్పదు, కాని సత్యము చెప్పక తీరదు. ఆ సంస్థ పేరులో అద్దెదారులుండిరి. అది సుమారు పదివేల ఇండ్లను నిర్వహించు పెద్ద కార్యాలయమై, అద్దెదారుల మాట దానిలో ఏనాడో అడుగంటినది. ఆ భవనపు నివాసుల సంఘమొకటి అగ్నిభయమును గూర్చి మాటిమాటికి ఫిర్యాదు చేసినది. ఘోరమైన ప్రాణనష్టము జరిగిన గాని తమ మాట ఎవరి చెవిని పడదని 2016 నవంబరులోనే బహిరంగముగా వ్రాసినది. అధికారులు వారిని అల్లరివారుగా చూచిరి. 2024 లో వెలువడిన విచారణ నివేదిక ఆ మరణములన్నియు నివారింపదగినవేయని తేల్చి, వస్తువుల తయారీదారుల వంచనను, ప్రభుత్వముల ఉపేక్షను, నివాసులయెడ నిర్వాహకుల నిర్లక్ష్యమును తీవ్రముగా నిరసించినది. అంతస్తులన్నిటికిని బాధ్యులు పేర్లతో, బిరుదులతో నుండిరి, ఒక్కరును అడ్డుకొనలేదు. ఐనను మీ మాటలోని సారమును గ్రహింతును. నివాసుల సంఘమునకు ఇంజనీరు కావలెను, స్వతంత్రమైన తనిఖీ కావలెను. నేను కోరునది, ఆ ఇంజనీరు తన లెక్కలను మొదట నివాసులకు వివరింపవలెనని. వారు సంతకము చేయనిదే పని మొదలుకారాదని.

ద్వితీయ వక్త: ఇక మన దేశమునకు వచ్చెదను. బాగుచేయదగని ఇల్లు కూడ లోకమున కలదు. బొంబాయిలోని బి.డి.డి. చాళ్ళను చూడుడు. 1920 దశాబ్దమున కట్టిన ఆ భవనములలో కుటుంబమునకొక్క గది. ఆ గది విస్తీర్ణము 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు వసారా చివర అందరికిని ఉమ్మడి. బట్టల మిల్లులలో పనికై తెలంగాణమునుండి తరలిపోయిన తెలుగు కుటుంబములు కూడ ఆ మిల్లుపేటల చాళ్ళలో తరములు గడిపినవి. అట్టి గదికి సున్నము వేసి, రంగు పూసి, ఇదే జీర్ణోద్ధరణమన్నచో, అందు వంట, నిద్ర, పురుడు, చదువు అన్నియు జరుపుకొనిన స్త్రీ మిమ్ము క్షమించునా? ప్రభుత్వ గృహసంస్థ ఆ చాళ్ళను కూల్చి, అదే స్థలమున ఎత్తైన భవనములు కట్టి, అర్హులైన ప్రతి కుటుంబమునకు 500 చదరపు అడుగుల ఫ్లాటును ఉచితముగ నిచ్చుచున్నది. 2025 ఆగస్టులో వర్లీ పేటలో మొదటి విడతగా 556 కుటుంబములకు తాళపుచెవులు చేతికందినవి. వారి చోటు పోలేదు, ఇరుకు మాత్రము పోయినది. ఈ పనిని ఏ వీథిసంఘము చేయగలిగియుండెను?

ప్రథమ వక్త: ఏ వీథిసంఘమును చేయలేకపోయెడిది, 160 చదరపు అడుగుల గదిని కాపాడుమని నేను కోరను. ఆ కుటుంబముల సంతోషము నిజమైనది. అక్కడ మేలు జరుగుటకు ముఖ్యకారణము, క్రొత్త ఇల్లు పాతచోటనే లేచుట. ఐనను ఇప్పటినుండి చూడవలసిన దొకటి కలదు. ఆకాశమునంటు భవనమున లిఫ్టు, నీటి పంపు, కాపలా, వీటికి నెలనెలా సొమ్ము కావలెను. ఆ సొమ్ము చెల్లింపలేనివాడు ఫ్లాటును అమ్ముకొని పోవును. ఎవరును వెళ్ళగొట్టకయే జరుగు వెళ్ళగొట్టుట అది. ఇక స్థలము దూరమైనచో ఏమగునో హైదరాబాదువారెరుగుదురు. 2023 లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో 15,660 ఇండ్లు కలవు, కట్టుబడి చక్కనిది, కాని అది అవుటర్ రింగురోడ్డునకు ఆవలనున్నది. నగరమధ్యమున నాలుగిండ్లలో పనిచేయు స్త్రీ, ప్రొద్దున్నే ఆ పని కందుకొనుట యెట్లు? కూల్చుటకును పూతకును నడుమ వేరొక మార్గము కలదని ఫ్రాన్సులోని బోర్డో నగరము చూపినది. అక్కడి గ్రాన్ పార్క్ పేటలో 1960 దశాబ్దపు మూడు ప్రభుత్వ భవనములు, 530 ఇండ్లు. లాకటోన్, వసాల్ అను వాస్తుశిల్పులు తమ సహచరులతో గూడి, వాటిని కూల్చక, గోడల వెలుపల నాలుగడుగులు కాదు, పన్నెండడుగులకు పైబడిన లోతుగల అద్దాల వసారాలను నిలిపి, ప్రతి ఇంటికి వెలుగును విశాలతను కల్పించిరి. ఒక్కొక్క ఇంటిలో పని సుమారు రెండు వారములు. ఆ రోజులలోను నివాసులు తమ ఇంటనే యుండిరి. పని ముగిసిన పిమ్మట అద్దె పెరుగలేదు. ఆ కట్టడమునకు 2019 లో యూరపుఖండపు మీస్ వాన్ డెర్ రోహె పురస్కారమును, ఆ శిల్పులకు 2021 లో ప్రిట్జ్‌కర్ పురస్కారమును లభించినవి.

ద్వితీయ వక్త: బోర్డో దృష్టాంతమునకు నేను చేతులు జోడింతును, కాని అది మీది కాదు, నాది. ఆ భవనముల యజమాని ప్రభుత్వ గృహసంస్థ. ధనము ప్రజాధనము. ఆలోచన వాస్తుశిల్పులది. నివాసులు సంతోషించిరి, సహకరించిరి, అంతే. అక్కడ వీథిసంఘము ఆస్తి కొనలేదు, రాత్రులు మేలుకొని చట్టము చదువలేదు. అద్దెదారుడు అద్దెదారుడుగనే యుండి, తన పని తాను చేసికొనుచు, మంచి ఇంటిని పొందెను. నేను మొదటినుండి కోరుచున్నది ఇదియే. బీదవానికి నాయకత్వము నేల అంటగట్టెదరు? అతనికి కావలసినది మంచి ఇల్లు, నిలుకడైన అద్దె, వెళ్ళగొట్టరను భరోసా. ఈ మూడును ఇచ్చు ప్రభుత్వము ముందు, మీ సముదాయ నాయకత్వము ఒక అలంకారము మాత్రమే.

ప్రథమ వక్త: అట్టి ప్రభుత్వము నిత్యమైనచో నేనీ క్షణముననే వాదము విరమింతును. కాని అదే ఫ్రాన్సున, 2003 నాటి చట్టము క్రింద, ప్రభుత్వ భవనములను వేలకొలదిగా కూల్చు కార్యక్రమము నడచుచున్న కాలముననే, ఆ శిల్పులు కూల్చవలదని యెదురీదిరి. ఒకే ప్రభుత్వము ఒక నగరమున బోర్డోను, వేరొక నగరమున శిథిలములను సృష్టించినది. ఎక్కడ ఏది జరుగునో నివాసి చేతిలో లేదు, అధికారి అభిరుచియందున్నది. నివాసి చేతిలోనికి వచ్చినప్పుడేమి జరుగునో మెక్సికో నగరము చెప్పును. 1985 సెప్టెంబరు 19వ తేదీన వచ్చిన భూకంపమున నగరమధ్యములోని బీదల వాటికలు కూలిపోయినవి. అవి ఒక నడవ చుట్టును గదులు గల పాత లోగిళ్ళు, అద్దెలు ఏనాటివో. యజమానులు ఇదే అదనుగా స్థలములు చేజిక్కించుకొన చూచిరి. నివాసులు కదలలేదు. సంఘములు కట్టి, వేలకొలదిగా వీథులకెక్కి, మమ్మిక్కడనే నిలుపుడని పట్టుబట్టిరి. ప్రభుత్వము ఆ స్థలములను ఆ అక్టోబరులోనే స్వాధీనము చేసికొని, నివాసులకు ఆ చేరువనే తాత్కాలికముగ పాకలు వేసి, రెండేండ్లలో సుమారు 48,000 ఇండ్లు కట్టియో బాగుచేసియో, అద్దెదారులనే యజమానులను చేసినది. ఆ వేగమును, ఆ సంఖ్యను ఒంటరిగా ప్రభుత్వము సాధింపలేదు. ఒంటరిగా సంఘములును సాధింపలేదు.

ద్వితీయ వక్త: ఈ దృష్టాంతమునకు ఎదురు చెప్పుట నాకు కష్టముగ నున్నది. భూమి కంపించినప్పుడు గాని ప్రభుత్వము అంత కదలదని మాత్రము చెప్పగలను; మనము పరిపాలన సాగింపవలసినది భూమి కంపింపని దినములలో. అట్టి సామాన్య దినములలో మన దేశపు స్థితి యేమి? 2011 జనాభా లెక్కల ప్రకారము మన పట్టణములలో సుమారు 1 కోటి 11 లక్షల ఇండ్లు ఖాళీగా నుండెను. మరుసటి యేట కేంద్రప్రభుత్వపు నిపుణుల సంఘము లెక్కించిన ఇండ్ల కొరత సుమారు 1 కోటి 88 లక్షలు. ఆ తాళము వేసిన ఇండ్లలో అధికభాగము వ్యక్తుల సొత్తు. వాటి తాళము తెరిపింపగలది పన్ను, చట్టము, న్యాయమైన అద్దెల శాసనము. ఏ వీథిసంఘపు పూలమొక్కయు దానిని తెరువజాలదు. ప్రభుత్వమే కట్టి ఖాళీగా వదలిన వేల ఇండ్లను అద్దెకిచ్చుటకు 2020 లో కేంద్రమొక పథకము తెచ్చినది. కట్టి ఖాళీగా వదలినందుకు సిగ్గుపడవలసినది మా పక్షము, దానిని దాచను. ఐనను తుదిమాట ఎవరిదను ప్రశ్నలో నేను కదలలేదు. నేడున్న నివాసికిని, రేపు రావలసిన నిరాశ్రయునకును నడుమ వివాదము వచ్చినప్పుడు, ఇరువురి వోటును పొందిన సభయే తీర్పు చెప్పవలెను.

ప్రథమ వక్త: నేనును కదలలేదు. ఒకని ఇంటినుండి వానిని కదలింపవలసి వచ్చినప్పుడు, తుదిమాట వానిదే కావలెను. వోటు పొందిన సభలే టాక్స్‌టెత్ వీథులకు పలకలు కొట్టించినవని నేను మరువజాలను. ఈ భేదము మన యిద్దరితో తీరునది కాదు. కాని యేకీభవించిన అంశములను లోకమునకు విన్నవించుట మన విధి. మొదటి మాట మీరే చెప్పుడు. ప్రభుత్వపక్షము నోట వచ్చినచో దానికి బలమధికము.

ద్వితీయ వక్త: చెప్పెదను. ఖాళీ చేయుమను నోటీసు ఏ నివాసి చేతికిని వెళ్ళకముందే, అదే చోటికి, అదే అద్దెకు తిరిగి వచ్చు హక్కుపత్రము, తేదీతోను అధికారి సంతకముతోను, ఆ నివాసి చేతికి చేరవలెను. అట్టి పత్రమును వ్రాసి యివ్వలేని ప్రభుత్వమునకు ఒక్క గోడను కూల్చు అధికారమును ఉండరాదు. ఖర్చు ప్రజాధనము కావలెను. నివాసి చెమట ఐచ్ఛికము కావలెను, అర్హతకు షరతు కారాదు.

ప్రథమ వక్త: నా వంతు మాట నివాసులకు, నివాసుల సంఘములకు. పత్రము వచ్చువరకు కదలకుడు. పని నడుచునన్నాళ్ళు ఇంజనీరును ప్రశ్నించుట మానకుడు. పని ముగిసిన పిమ్మట, మీ వీథిలో ఖాళీగానున్న ప్రతి ఇంటిని, అందు చేరవలసిన ఇల్లులేనివారి పేర్లతో సహా, మీరే జాబితా వ్రాసి పురపాలక సంఘమునకు పంపుడు. ఆ జాబితాలో బయటివారికి చోటివ్వని సంఘము, తాను ఎవరితో పోరాడినదో వారివలెనే తలుపు మూసినదగును. పాలకులారా, ఆ జాబితా మీ బల్లపైకి వచ్చిననాడు, దానిని చదివి, తాళములు తెరిపింపుడు.